ముత్తమ్మ వంతు

మొన్న శ్రావణంలో ఖమ్మం నుంచి మా ఊరికి వెళుతూ, వైరా దాటాక కారు అద్దం దించాను. అప్పుడే పీకి కట్టలు కట్టిన వరినారు వాసన గుప్పున వచ్చింది. అది పచ్చిగడ్డి వాసన కాదు, ఉత్త బురద వాసనా కాదు. వేళ్లతో సహా ఊడివచ్చిన లేత మొక్కకూ, దాన్ని వదలని నల్లమట్టికీ కలిపి ఉండే చల్లని వాసన. కారు పక్కకు తీసి ఆపాను. కాలవ కింద మడిలో పాతికమంది ఆడవాళ్లు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద ఒకావిడ కొంగు నడుముకు బిగించి నిలబడి, వరస వంకర పోయిందని ఎవరినో కడిగేస్తోంది. ఆ గొంతు వినగానే కారులో కూర్చున్న నా వీపు దానంతట అదే నిటారుగా అయింది. ఏళ్ల తరబడి విమానాలు నడిపినదాన్ని, పెద్ద పెద్ద అధికారులకు ఎదురు సమాధానం చెప్పినదాన్ని. అయినా నాట్ల మేస్త్రి గొంతు పెంచిందంటే నాకు ఇప్పటికీ భయమే. ఆ భయం పెట్టిన మనిషి పేరు ముత్తమ్మ.

ముత్తమ్మ మా పొలంలో నాట్లు వేసే ముఠాకు మేస్త్రి. దమ్మపేట దాటి అడవి అంచు దాకా పోతే వచ్చే కోయగూడెం ఆమెది. ముప్పైమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేది. వాళ్లతో కోయలో, మాతో తెలుగులో, మా ఎద్దులతో రెండూ కలిపి మాట్లాడేది. పొట్టి మనిషి, నోట్లో ఎప్పుడూ చుట్ట. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పొలం కొన్న రైతు. బేరంలో ఎవరికీ లొంగేవాడు కాదు గానీ, ముత్తమ్మ వస్తోందంటే మాత్రం ముందుగా ఒక గ్లాసుడు మజ్జిగ తాగి సిద్ధంగా కూర్చునేవాడు. ఆమె మా అమ్మ కంటే పెద్దది. అయినా ఇంట్లో పిల్లలమంతా పేరు పెట్టి 'ముత్తమ్మా' అనే పిలిచేవాళ్లం. అది తప్పని ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. ఆమె నన్ను 'పాపా' అనేది.

ఎనభైల మొదట్లో మాట. ఖమ్మంలో బీఎస్సీ ఆఖరి పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో పైరు మీద మందు చల్లడానికి ఒక బుల్లి విమానం వచ్చింది. అది తాటిచెట్ల మీదుగా వాలి, చేను చివర మళ్లీ ముక్కెత్తి పైకి లేవడం చూసిన రోజు నుంచి నాకు ఇంకో ఆలోచన లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అందరూ నవ్వేవాళ్లు. ఆ ఏడు పేపర్లో ఒక ప్రకటన పడింది. హైదరాబాదులో విమానం నడపడమూ నేర్పుతారు, గ్లైడరు నడపడమూ నేర్పుతారు. గ్లైడరు ఒంటరిగా నడిపినవాళ్లకు విమానం శిక్షణలో రాయితీ ఉంటుంది. నేను ఉత్తరాలు రాసి ఖర్చులు తెప్పించుకుని, ఒక తెల్లకాగితం మధ్యలో గీత గీసి, ఎడమ పక్క విమానం, కుడి పక్క గ్లైడరు అని రాశాను. రూపాయల్లో రాస్తే నాన్న అసలు కళ్లజోడే పెట్టుకోడు. అందుకని మిరపకాయల బస్తాల్లో రాశాను. కుడి పక్కన ఒక వేసవికి పది బస్తాలు. ఎడమ పక్కన మా మూడేళ్ల మిరప పంటంతా రాసినా ఇంకా నేర్చుకోవలసిన గంటలు మిగిలిపోయాయి.

నాన్న అప్పుడే ఖమ్మం మార్కెట్లో కాయలు అమ్ముకుని వచ్చి మంచి హుషారుగా ఉన్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంజను లేనిదానికి పది బస్తాలా? ఎద్దుల్లేని బండి ఎవడైనా కొంటాడటే?" అన్నాడు.

"అది గాలిలో తేలుతుంది నాన్నా."

"అది సరే. ఇంత తేడా ఎందుకుంది అసలు? ఇంత చవకగా ఇస్తున్నారంటే అందులో ఏదో లోపం ఉంది."

మిరపకాయల కోత కూలి లెక్క చూసుకోవడానికి వచ్చిన ముత్తమ్మ అరుగు మెట్టు మీద కూర్చుని అంతా వింటోంది. చుట్ట తీసి పక్కన పెట్టింది. "పాపా, విమానం గంట లెక్కనా, గుత్తనా?" అని అడిగింది. నాట్లకైనా కోతకైనా ఆమె మొదట అడిగేది అదే. రోజు కూలికి రావాలా, ఎకరానికింత అని గుత్తకు మాట్లాడుకోవాలా అని.

విమానం గంట లెక్క అనీ, గ్లైడరు పైకి పంపిన ప్రతిసారికీ ఇంత అనీ చెప్పాను.

"గంట లెక్కైతే ఊకె తిప్పుతరు. గుత్తైతే జల్దీ దింపుతరు. రెండిట్ల మోసమున్నది," అని తేల్చేసింది. "ఇంజను లేకపోతే దాన్ని ఎవలు గుంజుతరు?"

మైదానం చివర లారీ ఇంజనుకు బిగించిన పెద్ద డ్రమ్ము ఉంటుందనీ, అది ఇనుప తీగను గిర్రున చుట్టుకుంటుంటే తీగ ఈ చివర కట్టిన గ్లైడరు గాలిపటంలాగా పైకి లేస్తుందనీ, పైన తీగ వదిలేస్తుందనీ చదివినదంతా వల్లించాను. దాన్ని వించ్ అంటారని కూడా చెప్పాను.

"సరే. పైకి పోయి కిందికి దిగినంక, మల్ల మొదటి కాడికి దాన్ని ఎవలు తెస్తరు?"

నాకు తెలియదు. వాళ్లు పంపిన కాగితాల్లో ఆ ముక్క లేదు.

"అవ్. అది కనుక్కో పాపా. చవకంతా ఆడనే ఉంటది."

నేను నవ్వాను. "నీకెందుకు ముత్తమ్మా ఇవన్నీ?" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాన్న మాత్రం నవ్వలేదు. తీర్పు చెప్పాడు. "ఈ ఒక్క వేసవికి పది బస్తాలు ఇస్తాను. వానలు పడేలోపు ఆ బండి నువ్వొక్కదానివే నడిపి దించితే విమానం సంగతి మాట్లాడదాం. లేదంటే బుద్ధిగా వచ్చి బీఎడ్ చదువు." నాన్న మాటంటే మాటే. నా బతుకు ఎటు తిరుగుతుందో ఆ వేసవి మీద ఆధారపడింది.

హైదరాబాదులో మా పిన్ని ఇంట్లో దిగి, తెల్లారే సిటీ బస్సెక్కి మైదానానికి వెళ్లేదాన్ని. ఎండలో మెరిసే పొడవాటి తెల్లని రెక్కలు, సన్నని ఒళ్లు. గ్లైడరును మొదటిసారి దగ్గరగా చూసినప్పుడు ముట్టుకోవడానికి కూడా భయపడ్డాను. నేర్పేవారు వైమానిక దళంలో పనిచేసి వచ్చిన పెద్దాయన. అందరం సారు అనేవాళ్లం. తక్కువ మాటల మనిషి. రేకుల షెడ్డులో మేకుకు ఒక అట్ట వేలాడదీసి, దాని మీద పేర్లు రాసి, ఆ వరసలో పిలిచి పైకి తీసుకెళ్లేవారు. నాతో పాటు పదిహేనుమంది అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. గ్లైడరు మైదానంలో ఎక్కడో ఒకచోట దిగగానే వాళ్లంతా పరిగెత్తుకెళ్లి, ఇద్దరు రెక్కల దగ్గర, మిగిలినవాళ్లు ఒంటి దగ్గర పట్టుకుని, ఆ ఎండలో తోసుకుంటూ మళ్లీ మొదటి చోటికి తెచ్చేవాళ్లు. తెచ్చాక ఒకరు రెక్క చివర ఎత్తి పట్టుకుని, గ్లైడరు కదిలాక దానితో పాటు పరిగెత్తాలి. లేకపోతే రెక్క నేలకు ఒరిగిపోతుంది. రోజుకు ముప్పై నలభై సార్లు ఇదే పని.

నేను షెడ్డు నీడలో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. పొగరు వల్ల కాదు, అలా కూర్చోవడం తప్పని తోచకనే. డబ్బు కట్టింది ఎగరడానికి, తోయడానికి వేరే మనుషులుంటారు అనుకున్నాను. మా ఇంట్లో పార పట్టే చేతులు వేరు, లెక్క రాసే చేతులు వేరు. ఆ అబ్బాయిలు సరదా కొద్దీ తోస్తున్నారనే నా నమ్మకం. మూడు వారాలు గడిచాయి. అట్ట మీద నా పేరు ఎప్పుడూ చివరే. చీకటి పడే వేళకు నా దాకా వస్తే వచ్చేది, లేకపోతే లేదు. మూడు వారాల్లో సారు నన్ను అయిదంటే అయిదుసార్లు పైకి తీసుకెళ్లారు. అవతల జూన్ దగ్గర పడుతోంది. ఒళ్లు మండి నాన్నకు ఉత్తరం రాశాను. ఇక్కడ అంతా పక్షపాతం, డబ్బు కట్టినవాళ్లను వదిలేసి తోసినవాళ్లకే వంతు ఇస్తున్నారు అని.

నాన్న నుంచి వెంటనే జవాబు వచ్చింది. 'తోయడమే కదా ఇబ్బంది, దానికి నువ్వెందుకు? నీ తరఫున తోయడానికి మనిషిని పంపుతున్నాను. కూలి మాట్లాడాను. నువ్వు చదువు మీద శ్రద్ధ పెట్టు.' ఇది మా ఇద్దరికీ బ్రహ్మాండమైన ఉపాయంగా తోచింది. నేను ఆ ఉత్తరాన్ని పిన్నికి చదివి వినిపించి మురిసిపోయాను కూడా. మా ఇంటివాళ్లకు తప్ప ఇలాంటి ఆలోచన ఇంకెవరికైనా వస్తుందా అని ఇప్పుడు అనుమానం.

రెండు రోజులకు ఎర్రబస్సు దిగి, నెత్తిన మామిడికాయ పచ్చడి జాడీ, చేతిలో అడ్రసు కాగితంతో ముత్తమ్మ పిన్ని గుమ్మం ముందు నిలబడింది. నేను ఎవరో మగమనిషి వస్తాడనుకున్నాను.

"అయ్య మగమనిషిని తోలుతనన్నడు, నేనే పోతనన్న," అంది. "తునికాకు ఏరుడు అయిపోయింది, వానలింక పడలే. నేనడిగినదానికి నువ్వు జవాబు రాయకపోతివి. నేనే చూద్దామని వచ్చిన."

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని మైదానానికి వెళ్లాను. "ఈమె ఎవరు?" అని సారు అడిగారు. "మా పొలం మనిషి సార్. నా తరఫున తోస్తుంది," అన్నాను. అబ్బాయిలు పగలబడి నవ్వారు. సారు నవ్వలేదు. నన్ను ఒకసారి, ముత్తమ్మను ఒకసారి చూసి, "సరే, తోయనీ," అని జేబులోంచి పెన్ను తీసి అట్ట మీద ఏదో రాసుకున్నారు.

ముత్తమ్మ చీర పైకి దోపుకుని ఎండలోకి దిగింది. మొదటిసారి అబ్బాయిలు తోసే తీరు చూసి ఊరుకుంది. రెండోసారి ఊరుకోలేదు. "ఒకడు గుంజుతుంటే ఒకడు ఆపుతుండు, గిట్లైతే పొద్దుగూకుద్ది," అని, నాట్ల దగ్గర వేసే కూత ఒకటి వేసింది. ఆ కూతకు అందరి అడుగూ ఒక్కసారే పడింది. గ్లైడరు బుద్ధిమంతురాలైన ఆవులాగా కదిలి వచ్చింది. రెక్క చివర గట్టిగా పట్టుకోకూడదు, అరచేతిలో ఆనించుకోవాలి అని సారు చూపిస్తే ఒక్కసారికే నేర్చుకుంది. మధ్యాహ్నానికల్లా నన్ను చూసి నవ్విన అబ్బాయిలే ఆమెను "అమ్మా, ఇటు రా, అమ్మా, అటు పట్టు" అని పిలుస్తున్నారు. నేను నీడలో పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక సారు అట్ట చూసి పేర్లు పిలుస్తున్నారు. ఈరోజైనా నా వంతు ముందుకొస్తుందని లేచి నిలబడ్డాను. సారు నా వైపు చూడకుండా, "ముత్తమ్మ," అన్నారు.

"సార్, ఆమె నా తరఫున వచ్చింది," అన్నాను.

"ఇక్కడ తరఫులు లేవు సుజాతా. తోసినవాళ్ల పేరు రాస్తాను. పొద్దుటి నుంచి తోసింది ఆమె, రాసింది ఆమె పేరు. కట్టిన డబ్బు మీ నాన్నది, ఆ మాట నిజమే. ఇష్టం లేకపోతే చెప్పు."

అందరూ నన్నే చూస్తున్నారు. ముత్తమ్మ చుట్ట నేలకు రాసి ఆర్పి, చెవి మీద పెట్టుకుంది. "ఎక్కొచ్చా సారూ?" అంది. భయం లేదా అని ఆయన అడిగితే, "మీరు ఎక్కుతున్నరు గద," అని ముందు సీట్లో కూర్చుని, బెల్టు కట్టించుకుని, చెవి మీది చుట్ట సరిచేసుకుంది. అప్పుడు సారు వెనక సీట్లోంచి కేకేశారు. "రెక్క పట్టుకో సుజాతా."

అంతవరకు నేను రెక్క పట్టుకోలేదు. చివర ఎత్తి అరచేతిలో ఆనించుకున్నాను. తీగ బిగిసింది. గ్లైడరు కదిలింది. కోపంతో, ఏడుపుతో, చెప్పుల కాళ్లతో పరిగెత్తాను. నాలుగడుగులు వేశానో లేదో, చేతిలోని బరువు తగ్గడం మొదలుపెట్టింది. ఇంకో నాలుగడుగులకు బరువే లేదు. రెక్క తనంతట తాను నా చేతిలోంచి లేచి వెళ్లిపోయింది. మూడు వారాలుగా పుస్తకంలో గాలి రెక్కను ఎత్తుతుంది అని చదువుతున్నాను. అది నిజమని నా అరచేతికి తెలిసింది ఆ సాయంత్రమే. తలెత్తి చూస్తే మా పొలంలో కూలికి వచ్చే ముత్తమ్మ ఆకాశంలో నెమ్మదిగా మలుపు తిరుగుతోంది.

దిగాక ఆమె ముఖం వెలిగిపోతోంది. "సప్పుడే లేదు పాపా. మస్తు చల్లగున్నది," అంది. అబ్బాయిలు చప్పట్లు కొట్టారు. నాకు ఎక్కడలేని ఉక్రోషం ముంచుకొచ్చింది. "నువ్వు వచ్చింది మా కూలికి. అది నా వంతు," అనేశాను.

ముత్తమ్మకు కోపం రాలేదు. చెవి మీది చుట్ట తీసి నింపాదిగా వెలిగించుకుంది. "నేనడిగినదానికి జవాబు దొరికింది విను," అంది. "మా గూడెంల బదుళ్లకు పోతం. ఈరోజు నీ చేనుకు నేనొస్త, రేపు నా చేనుకు నువ్వొస్తవ్. అండ్ల కూలి ఉండది. ఇది గట్లనే. ఒకలి బండి ఒకలు తోసుకుంటరు, అందుకే చవక. ఆ విమానానికేమో తోసెటందుకు, తుడిసెటందుకు, నూనె పోసెటందుకు మనుషులున్నరు. వాళ్ల కూలంత నీ గంటల కలుపుతరు. బదుళ్లకు ఎవలైన కూలిమనిషిని తోలితే మేం నవ్వుతం పాపా. నేను తోసిన, నేనెక్కిన. నీకేమొచ్చింది?"

ఆ రాత్రి నేను ఆమెతో మాట్లాడలేదు. పొద్దున్నే మూట కట్టుకుని ఊరికి బయలుదేరింది. బస్టాండు దాకా వెళ్లి టిక్కెట్టు కొనిచ్చాను. కిటికీలోంచి చెయ్యి చాపి నా చున్నీ అంచు పట్టుకుని, "ఇది నడుముకు కట్టు, తోసేటప్పుడు కాళ్లకు అడ్డం పడుద్ది," అంది. బస్సు కదులుతుంటే ఇంకో మాట అంది. "నిన్నటి కూలి అయ్యనడగ. నిన్నటి రోజు నాది."

నేను సరాసరి మైదానానికి వెళ్లి చున్నీ నడుముకు కట్టాను. అబ్బాయిలు కాస్త జరిగి చోటిచ్చారు. మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజుకు ముఖం మాడిన అట్టులా తయారైంది. పిన్ని చూసి గగ్గోలు పెట్టింది. కానీ వారం తిరిగేసరికి నాకు తెలిసినవి ఏ పుస్తకంలోనూ దొరికేవి కావు. రెక్క పట్టుకుని పరిగెత్తితే గాలి ఏ వైపు నుంచి తోస్తోందో చెయ్యే చెబుతుంది. తోసుకుంటూ నడిచేటప్పుడు అందరూ తమ తప్పులు తామే చెప్పుకుంటారు. ఎత్తు ఎక్కువగా ఉండి దూరంగా పోయి దిగాననో, తొందరపడి ముందే దిగిపోయాననో. ఎవరి పొరపాటు ఎన్ని గజాల తోపుడో నా భుజాలు లెక్క కట్టేవి. అట్ట మీద నా పేరు పైకి పాకింది. రోజుకు రెండుసార్లు, ఒక్కోరోజు మూడుసార్లు పైకి వెళ్లాను. డబ్బు అదే, ఆ పది బస్తాలే. వాటి విలువ తీసుకోవడం మాత్రం అప్పుడు మొదలుపెట్టాను.

జూన్ రెండో వారం. పడమట మబ్బులు కమ్ముతున్నాయి. ఎల్లుండి నుంచి మైదానం మూసేస్తామని సారు చెప్పేశారు. నేనింకా ఒంటరిగా ఎగరలేదు. రాత్రంతా బీఎడ్ కళ్లముందు తిరిగింది. మర్నాడు ఉదయం సారుతో రెండుసార్లు పైకి వెళ్లి దిగాను. మూడోసారి బెల్టు కట్టుకుని కూర్చుంటే ఆయన వెనక సీటు బెల్టులు ముడివేసి, మూత వేసి, పక్కకు తప్పుకున్నారు. "వెళ్లి రా," అన్నారు. అంతే.

రెక్క దగ్గరకు నలుగురు ఒకేసారి పరిగెత్తుకొచ్చారు. నేను పట్టుకుంటానంటే నేను పట్టుకుంటానని కీచులాడుకున్నారు. నెల కిందట నా పేరు కూడా సరిగ్గా తెలియనివాళ్లు. ఆ కీచులాట విని నాకు గుండె నిండిపోయింది. తీగ బిగిసింది, నేల జారిపోయింది, ముక్కు ఆకాశానికి లేచింది. పైన తీగ వదిలేశాక ముత్తమ్మ చెప్పిన నిశ్శబ్దం. రెక్కల మీద గాలి సన్నగా ఈల వేస్తోంది. వెనక సీట్లో ఎవరూ లేరు. నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు, సంతోషంతో అరిచానంతే. మలుపు తిరిగి చూస్తే కింద చుక్కల్లాగా మా వాళ్లు, ఎండలో నిలబడి తలలెత్తి చూస్తున్నారు. నేను దూరంగా దిగితే వీళ్లు ఇంత దూరం నడిచి రావాలి, ఇంత దూరం తోయాలి. ఆ దూరం నాకు అంగుళం అంగుళం తెలుసు. ఇంకేమీ ఆలోచించలేదు. ఎత్తు చూసుకుని, గాలి చూసుకుని, ఆఖరి మలుపు తిప్పి, నేలకు వాల్చి, బ్రేకు పట్టాను. గ్లైడరు దుమ్ము లేపుకుంటూ దొర్లి, దొర్లి, బయలుదేరిన చోటికి పది అడుగుల దూరంలో ఆగింది.

సారు షెడ్డులోంచి నడిచి వచ్చి, గ్లైడరు ముక్కు నుంచి బయలుదేరే గీత దాకా పాదం వెంబడి పాదం వేసి కొలిచారు. అయిదేళ్లుగా నేర్పుతున్నాను, ఒంటరిగా వెళ్లిన మొదటిసారే ఇక్కడ ఆపినవాళ్లు లేరన్నారు. తరవాత వెనక్కి తిరిగి, "ఎవరూ రానక్కర్లేదు, తోసే పని లేదు," అని కేకేశారు. అయినా అందరూ వచ్చారు. నన్ను దిగనివ్వకుండా, లోపల కూర్చోబెట్టి, ముత్తమ్మ నేర్పిన కూత వేసి, ఆ పది అడుగులూ తోశారు.

నాన్నకు టెలిగ్రాం ఇచ్చాను. ఆయన మాట తప్పలేదు. రాయితీ పోగా మిగిలినదానికి రెండు పంటలు అమ్మాడు. విమానం దగ్గర అంతా ముత్తమ్మ చెప్పినట్టే ఉంది. గడియారం చూసి ఎక్కించి, గడియారం చూసి దింపేవారు. మొదటి రోజు దిగి, అలవాటు కొద్దీ రెక్క పట్టుకుని తోయబోతే, "మేడం, మేమున్నాం కదా," అని మెకానిక్ నవ్వాడు. ఇంజను ఆగితే ఎలా దిగుతావో చూడాలని పరీక్ష రోజున పరీక్షకుడు పైన ఇంజను శక్తి తగ్గించేశాడు. అక్కడ చాలామందికి చెమటలు పట్టేవట. నాకు మాత్రం తెలిసిన ఇంటికి వచ్చినట్టు అనిపించింది. ముక్కు కొంచెం దించి, గాలిని చూసుకుంటూ తీసుకొచ్చి దించాను. అంత నెమ్మదిగా దించడం ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగాడు. పది బస్తాల మిరపకాయలకు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

ఒంటరిగా ఎగిరిన ఆ ఏడే నాట్లకు ఊరికి వెళ్లాను. ముత్తమ్మకు అప్పటికే గూడెంలో పెద్ద పేరు వచ్చేసింది. విమానం ఎక్కిన మేస్త్రి అని పక్క ఊళ్లవాళ్లు కూడా ఆమె ముఠాకే పని ఇస్తున్నారు. అది విమానం కాదని ఆమె ఎవరికీ చెప్పలేదు. నాన్న మొదట్లో 'నా డబ్బుతో నాకంటే ముందు అది ఎక్కింది' అని గొణిగినా, తరవాత ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ తనే ఆ కథ చెప్పి నవ్వించేవాడు. నేను చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగాను. మోకాలి లోతు బురద. "పెద్దమ్మా, నన్నూ వరసలో నిలబెట్టు," అన్నాను. ఆ పిలుపు మొదటిసారి నోటికి వచ్చింది. ఆడవాళ్లంతా ఒక్కసారి నడుములెత్తి చూశారు. ముత్తమ్మ మాత్రం ఏమీ విశేషం జరగనట్టు ఒక నారుకట్ట నా చేతిలోకి విసిరింది. కాసేపటికి గట్టు మీది నుంచి కేక వినిపించింది. "వంకర పోతున్నది పాపా! ఆడ పైన తిన్నగ తోలినవంట, ఈడేమైంది?" మా ఇంటి అరుగు మీద నుంచి నాన్న ఆ దృశ్యం చూశాడు. సాయంత్రం నాకూ, ఆ ముప్పైమందికీ మజ్జిగ పంపించాడు.

ముత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ కబురు అందినప్పుడు నేను వేరే ఊళ్లో విమానం దించి ఉన్నాను, చివరి చూపు దక్కలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఉద్యోగం నుంచి విరమించాక నేను ఒక గ్లైడింగ్ మైదానంలో సెలవు రోజుల్లో నేర్పుతున్నాను. గ్లైడరుకు ఎంతవుతుంది, విమానానికి ఎంతవుతుంది అని అడిగే తల్లిదండ్రులకు రెండు లెక్కలూ ఓపిగ్గా చెబుతాను. ఆ తరవాత, గ్లైడరు ఖర్చులో సగమే డబ్బుగా తీసుకుంటామనీ, మిగతా సగం మీ పిల్లలే ఎండలో కట్టాలనీ చెబుతాను. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు మా నాన్నలాగే తెలివిగా ఆలోచించి మనిషిని పంపుతారు. నేను అభ్యంతరం చెప్పను. తోసినవాళ్ల పేరు అట్ట మీద రాసి, వంతు రాగానే పిలుస్తాను. అలా ఒక తోటమాలి ఎగిరాడు, ఒక వంటావిడ ఎగిరింది. పోయిన నెల ఒక వ్యాపారి తన కొడుకు కోసం కారు డ్రైవరును పంపాడు. నలభై ఏళ్ల మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోసి, నాతో పాటు పైకి వచ్చి, దిగాక కారు తీసుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఆదివారం నేను వెళ్లేసరికి మైదానంలో అందరికంటే ముందు వచ్చి, రెక్క చివర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ వారం కూడా ఆ అబ్బాయి తరఫునే వచ్చావా అని అడిగాను. ఆయన జేబులోంచి మడిచిన నోట్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"లేదు మేడం. నా తరఫున వచ్చిన," అన్నాడు.